గుమాస్తా గారి జవాబులు: అబద్ధం ఖర్చు ఎవరి ఖాతాలో?

సత్యం, అహింసల మీద మీ సందేహాలు పంపమని గత సంచికలో అడిగాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒడియా మీడియంలో చదువుకున్న పిల్లలు కొందరు ఒడియా లిపిలో తెలుగు రాసి పంపారు. అవి చదవడం నాకు కష్టమేమీ కాలేదు. పర్లాకిమిడి కోర్టులో ప్లీడరు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. తెలుగు కక్షిదారు చెప్పింది విని ఒడియాలో కాగితం రాయించి ఇంగ్లీషు తీర్పు తెచ్చి చేతిలో పెట్టడమే నా ఉద్యోగం. నేను ఫిలాసఫీ చదవలేదు. గాంధీనీ అంబేడ్కర్‌నీ కేసు పిలిచేదాకా కోర్టు వరండాలో కూర్చుని చదివాను. కాబట్టి నా జవాబుల్లో వేదాంతం కంటే వరండా ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

*మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఫిట్స్. మాత్రలు వాడుతోంది, మూడేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. బొబ్బిలి వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. వాళ్ళు అడగలేదు కాబట్టి మనం చెప్పక్కర్లేదని మా బావగారు అంటున్నారు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు, పెళ్ళి విషయంలో బొంకవచ్చని పోతన గారే రాశారు అంటూ పద్యం కూడా చదివారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. — ఒక తల్లి, గుణుపురం*

అమ్మా, మీ బావగారు పద్యం చదివారు గానీ దాని ముందూ వెనకా చదవలేదు. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణానికీ డబ్బుకీ మానానికీ ముప్పొచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం లేదు అన్నది పోతన గారు తన మాటగా చెప్పలేదు. శుక్రాచార్యుల చేత బలిచక్రవర్తికి చెప్పించారు. బలి ఏమన్నాడు? ఎంత దుర్మార్గుడినైనా మోస్తాను గానీ సత్యం తప్పినవాణ్ణి మోయలేనని భూదేవి బ్రహ్మతో మొరపెట్టుకోలేదా అన్నాడు. ఇచ్చిన మాట మీదే నిలబడ్డాడు. సలహా ఇచ్చిన గురువుగారు కమండలం కొమ్ముకు అడ్డం పడి కన్ను పోగొట్టుకున్నారు. మన పెళ్ళిళ్ళ పేరయ్యలందరూ శుక్రుడి పద్యం బట్టీపట్టి బలి పద్యం వదిలేశారు.

ఇక వాళ్ళు అడగలేదు కాబట్టి చెప్పలేదన్న మాట. అఫిడవిట్లు రాయించిన చేతులు నావి, ఈ కిటుకు నాకు కొత్త కాదు. ప్రతి వాక్యమూ నిజమే ఉంటుంది, కాగితం మొత్తం కలిపితే అబద్ధం అవుతుంది. గాంధీ జీవితంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఆయన 1912లో దక్షిణాఫ్రికాలో పాలు ముట్టనని వ్రతం పట్టాడు. కొన్నేళ్ళకి ఇక్కడ విరేచనాలతో చావు దాకా వెళ్ళాడు. పాలు తాగితేనే కోలుకుంటావని డాక్టరు చెప్పాడు. వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలే గదా, మేకపాలకు అడ్డేముంది అని కస్తూర్బా అంది. ఆయన ఒప్పుకుని తాగాడు. ఆ తర్వాత ఆత్మకథలో తనను తాను వదిలిపెట్టలేదు. వ్రతంలో అక్షరం మిగిలింది, ప్రాణం పోయింది అన్న అర్థంలో రాసుకున్నాడు. మీ బావగారు చెప్పేది కూడా మేకపాల లెక్కే.

అయితే నేను మిమ్మల్ని చెప్పమంటున్నది మీ పుణ్యం కోసం కాదు. అబద్ధం ఆడేటప్పుడు దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో చూడండి. ఇక్కడ పడేది మీ ఖాతాలో కాదు, మీ బావగారి ఖాతాలో అసలే కాదు. పెళ్ళైన మర్నాటి నుంచి మీ అమ్మాయి ఆ మాత్రల అట్ట ఎక్కడ దాచుకుంటుంది? చీర మడతల్లోనా, పౌడరు డబ్బాలోనా? ఆడపడుచు గదిలో పడుకుందని ఒక రాత్రి మానేస్తుంది, ప్రయాణంలో అందరూ పక్కనే ఉన్నారని ఇంకో రాత్రి మానేస్తుంది. మాత్రలు మానినా నిద్ర చాలకపోయినా ఫిట్స్ తిరగబెట్టవచ్చు. కొత్త కోడలికి అత్తవారింట్లో నిద్ర ఎక్కడిది? మరో సంగతి, కొన్ని ఫిట్స్ మందులు కడుపులో బిడ్డకు మంచివి కావు. గర్భం రాకముందే డాక్టరును అడిగి అవసరమైతే మందు మార్పించుకోవాలి. మొగుడికి తెలియకుండా ఆ పిల్ల అక్కడికి ఎలా వెళ్తుంది?

చట్టం సంగతి కూడా వినండి. మూర్ఛరోగం ఉంటే పెళ్ళి చెల్లదనడానికి హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు వీలుండేది. 1999 సవరణలో ఆ మాట తీసేశారు. కాబట్టి మీ అమ్మాయి జబ్బు పెళ్ళికి అడ్డు కాదు. కానీ ముఖ్యమైన విషయం దాచి మోసంతో పెళ్ళి చేశారని అవతలివాళ్ళు కోర్టుకెక్కడానికి దారి ఇంకా ఉంది. చెప్పినవాళ్ళకు ఆ భయం ఉండదు.

చెప్పడమంటే ఊరంతా టముకు వెయ్యమని కాదు. పెళ్ళిళ్ళ పేరయ్యకు చెప్పక్కర్లేదు, మీ బావగారి వియ్యాలవారికి అసలే చెప్పక్కర్లేదు. తాంబూలాలు పుచ్చుకోకముందు అబ్బాయినీ వాళ్ళ అమ్మానాన్ననీ కూర్చోబెట్టి డాక్టరు చీటీ ముందు పెట్టండి. వీలైతే అమ్మాయినే మాట్లాడనివ్వండి. సంబంధం తప్పిపోవచ్చు, పోదని నేను హామీ ఇవ్వలేను. తప్పిపోతే ఆ ఇంట్లో పిల్ల మాత్రలు దాచుకునే బాధ కూడా తప్పుతుంది.

*కంటికి కన్ను అంటూ పోతే లోకమంతా గుడ్డిదవుతుందని గాంధీ ఎప్పుడు, ఎక్కడ అన్నారు? మా వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు పెడుతున్నారు. — రిటైర్డ్ హెడ్మాస్టరు, కవిటి*

గాంధీ రాతల్లో ఆ వాక్యం ఎక్కడా దొరకలేదు, మాస్టారూ. మీరు కోరుకున్న మార్పు మీరే అవ్వండి అన్నదీ అంతే. సత్యం మీద అంత రాసినాయన పేరుతో ఆయన అనని మాట పంచడం తమాషాగానే ఉంది. మీరు హెడ్మాస్టరు, గ్రూపులో ఎర్ర సిరా వాడండి.

*రాయగడ దగ్గర ఒక సైట్‌లో కాంట్రాక్టరు కింద సూపర్‌వైజర్‌ని. పైనుంచి పడి ఒక కూలీకి నడుము దెబ్బతింది. అతను తాగి ఉన్నాడని రిజిస్టర్‌లో రాయమంటున్నారు. తాగలేదని నాకు తెలుసు. రాయనంటే ఉద్యోగం పోతుంది, ఇంటి లోను ఈఎమ్ఐ ఉంది. గాంధీ గారిలా నిజం చెప్పమంటే చెప్పడం తేలికే. — పేరు వద్దు*

బాబూ, అంత చిన్న అబద్ధం మీద వాళ్ళకు ఎందుకంత పట్టుదలో మీకు తెలుసా? పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. కానీ దెబ్బ తగలడానికి మనిషి తాగి ఉండటమే కారణమైతే, చావో శాశ్వతమైన పూర్తి అంగవైకల్యమో రాకపోతే, ఇవ్వక్కర్లేదు. 1923 నాటి చట్టం నుంచీ ఉన్న నిబంధన ఇది. అంటే మీరు రాసే ఆ ఒక్క మాట ఖరీదు ఆ కూలీ మంచం మీద ఉన్నన్నాళ్ళ తిండి. మీ ఈఎమ్ఐ కష్టం నిజమే. కానీ ఆ కష్టాన్ని మీకంటే లేనివాడి నెత్తిన పెట్టమని అడుగుతున్నారు. గుణుపురం అమ్మగారికి చెప్పిన లెక్కే ఇక్కడా.

గాంధీ ప్లీడరుగా ఉన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను, నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చేది ఆ ప్లీడరే. దక్షిణాఫ్రికాలో ఒక లెక్కల తగాదాలో మధ్యవర్తులు ఆయన కక్షిదారుకు అనుకూలంగా తీర్పిచ్చారు. కూడికలో ఒక పద్దు ఖర్చు వైపు పడాల్సింది జమ వైపు పడింది. అవతలి పక్షం ఆ తప్పు పట్టుకోలేదు. మనమే బయటపెట్టాలని గాంధీ అన్నాడు. సీనియరు లాయరు ససేమిరా అన్నాడు, చెబితే తీర్పు మొత్తం పోతుందన్నాడు. కక్షిదారు చివరికి గాంధీ మీదే భారం వేశాడు. కోర్టులో జడ్జీలు మొదట ఇందులో ఏదో తంత్రం ఉందనే అనుమానించారు. ఆ తర్వాత విని, ఆ పద్దు ఒక్కటి దిద్ది తీర్పు ఖాయం చేశారు. ప్రతిసారీ ఇంత చక్కగా జరగదు, జరుగుతుందని నేనంటే అది కూడా అబద్ధమే అవుతుంది.

మిమ్మల్ని హరిశ్చంద్రుడిలా కాటికాపరి కమ్మని నేను చెప్పను. ధర్నా చెయ్యమనీ, పేపరుకెక్కమనీ చెప్పను. సహాయ నిరాకరణలో అన్నిటికంటే చిన్న పని ఒకటుంది: మన చేత్తో రాయకపోవడం. మా ప్లీడరు గారు సాక్షులకు ఒకటే చెప్పేవారు, చూసింది చెప్పు, చూడనిది చూడలేదని చెప్పు అని. మీరూ రిజిస్టర్‌లో చూసింది రాయండి. ఎన్ని గంటలకు పడ్డాడు, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, బెల్టు ఉందా, పక్కన ఎవరున్నారు, ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తాగాడా లేదా అన్నది రాయాల్సింది పరీక్ష చేసిన డాక్టరు, మీరు కాదు. అడిగితే ఆ మాటే మెల్లగా చెప్పండి, ఎదురుతిరిగినట్టు ఉండదు. రాశాక ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ పైన వాళ్ళు ఇంకెవరి చేతో ఇంకేదో రాయించుకుంటే ఆ సంతకం మీది కాదు, ఫోటో మాత్రం మీ దగ్గర ఉంటుంది.

*లక్ష్మణ్ నాయక్‌ను మల్కాన్‌గిరి గాంధీ అంటారు కదా, ఆయన్ని హత్య కేసులో ఉరి తీశారేమిటి? అసలు అహింస అంటే దెబ్బలు తినడమేనా? — డిగ్రీ విద్యార్థిని, జయపురం*

మంచి ప్రశ్న, తల్లీ. మీ జిల్లాలవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే. క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 21న, మథిలి పోలీసు స్టేషను దగ్గరికి ఈ ఆదివాసీ నాయకుడు జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. ఆ గొడవలో ఒక ఫారెస్టు గార్డు కూడా చనిపోయాడు. ఆ చావు నాయక్ మీద పెట్టి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. అది అల్లిన కేసు అని ఒడిశాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

దెబ్బలు తినడం గురించి గాంధీ సొంత మాట ఉంది. 1908లో దక్షిణాఫ్రికాలో ఆయన్ని చావగొట్టినంత పని చేశారు. నేను అక్కడ ఉంటే ఏం చెయ్యాల్సింది, పారిపోవాలా, తిరగబడాలా అని పెద్దకొడుకు అడిగాడు. తిరగబడైనా నన్ను కాపాడాల్సిందే అని గాంధీ చెప్పాడు. పిరికితనం, హింస ఈ రెండే మిగిలితే హింసనే ఎంచుకోమంటానని 1920లో పత్రికలోనూ రాశాడు. పారిపోయేవాడికి అహింస అన్న పేరు వాడుకునే హక్కు లేదని ఆయన లెక్క. కొట్టగలిగి కొట్టనివాడిదే అహింస.

అదే ఏడాది తిలక్‌తో ఆయనకు చిన్న తగువు నడిచింది. రాజకీయం సంసారులు ఆడే ఆట, సాధువులది కాదు, ఎవరు ఎలా వస్తే వాళ్ళతో అలాగే ఉంటానన్న కృష్ణుడి మాటే మనకు సరి అని తిలక్ రాశారు. మోసగాడి దగ్గర కూడా సత్యమే అని గాంధీ జవాబిచ్చాడు. కోర్టు వరండాలో ఎవరినడిగినా తిలక్ పక్షమే. గాంధీ పద్ధతిలో నాకు కనిపించే గొప్పంతా ఒక్కటే, ఖర్చు తన ఖాతాలో రాసుకోవడం: జైలుకు నేను వెళ్తాను, లాఠీ నా మీద పడుతుంది, నీ మీద నేను చెయ్యి ఎత్తను. కానీ నాయక్ పోయాక ఆ ఖర్చు అతని ఇంటివాళ్ళు కూడా కట్టారు. గాంధీ జయంతి ఉపన్యాసాల్లో ఆ పద్దు ఎవరూ చదవరు. మీరు పరీక్షలో రాస్తే మార్కులు పడతాయో లేదో గానీ, రాయండి.

*అడవిపందులు చేను నాశనం చేస్తున్నాయి. చుట్టూ కరెంటు తీగ పెడదామంటే మా అబ్బాయి జీవహింస అంటున్నాడు. గాంధీ ఏమంటాడు? — రైతు, కాశీనగర్*

గాంధీ మీరనుకున్నంత మెత్తనివాడు కాదు తమ్ముడూ. 1928లో ఆశ్రమంలో బతకదని తేలి విలవిల్లాడుతున్న దూడకు సూది వేయించి చంపించాడు, దేశమంతా తిట్టిపోసింది. పంటలు తినే కోతుల విషయంలోనూ రైతు పక్షమే మాట్లాడాడు. అంబేడ్కర్ బుద్ధుడి మీద రాసిన పుస్తకంలో ఇంకా సూటిగా ఉంది: చంపాలన్న కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు, అహింస గుడ్డిగా పాటించే నియమం కాదు అని.

కానీ కరెంటు తీగ వద్దు. అది పందిని పట్టుకుని మనిషిని వదిలిపెట్టదు. తెల్లారకట్ట చెంబు పట్టుకుని వెళ్ళే మీ పక్క చేనువాడు, గడ్డికెళ్ళిన పిల్ల, మీ ఎద్దు, అటు కొండల నుంచి దిగే ఏనుగు, ఎవరైనా పోవచ్చు. నేరం కూడా, జైలుకు మీరే వెళ్తారు. పంట నష్టానికి ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టండి, పాడైన చేను ఫోటోలు జత చెయ్యండి. డబ్బు ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. మీ అబ్బాయి చెప్పిన కారణం వేరు గానీ, తీగ వద్దన్న మాట మాత్రం వినండి.

*నాన్న ఖద్దరు కడతారు, అక్టోబరు రెండున బళ్ళో ఉపన్యాసం ఇస్తారు. నేను ఒక దళిత అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానన్న రోజు నుంచి అన్నం మానేశారు, మజ్జిగ మాత్రం పుచ్చుకుంటున్నారు. ఇది నా సత్యాగ్రహం అంటున్నారు. షుగరు కూడా ఉంది. సరే మానేశానని అబద్ధం చెప్పి తినిపించు, తర్వాత రిజిస్టరు పెళ్ళి చేసుకో అంటోంది మా పెద్దమ్మ. — బరంపురం*

ముందు డాక్టరును పిలవండి, మిగతా చదవడం తర్వాత. షుగరు మాత్ర వేసుకుని అన్నం మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

మీ నాన్నగారు చేస్తున్నది సత్యాగ్రహం కాదని చెప్పడానికి గాంధీ ఒక్కరే చాలు. 1924లో, గుడి చుట్టూ దారుల్లో అంటరానివాళ్ళనూ నడవనివ్వాలని కేరళలో వైకోం ఉద్యమం జరిగిన రోజుల్లో, ఆయన స్పష్టంగా రాశాడు: నిరాహార దీక్ష మనల్ని ప్రేమించేవాళ్ళ మీదే చెయ్యాలి, అదీ హక్కులు గుంజుకోవడానికి కాదు, వాళ్ళను బాగు చెయ్యడానికి. ఆయన ఇచ్చిన ఉదాహరణ తాగే తండ్రి కోసం కొడుకు పస్తుండటం. మీరు తాగడం లేదు, దొంగతనం చెయ్యడం లేదు. బాగుచేయాల్సిన తప్పు మీలో ఏముంది? తన దీక్షలనూ ఆయన ఇదే గీటురాయి మీద గీసుకున్నాడు. 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికుల కోసం పస్తున్నాక, మిల్లు యజమానులు తన స్నేహితులు కాబట్టి అది వాళ్ళ మీద ఒత్తిడి అయిందని ఒప్పుకున్నాడు. 1939లో రాజ్‌కోట్‌లో దీక్ష వల్ల తనకు అనుకూలంగా వచ్చిన తీర్పునే, అందులో హింస కలిసిందంటూ వదిలేసుకున్నాడు.

అయినా నేను గాంధీని ఇక్కడ పూర్తిగా వెనకేసుకు రాలేను. 1932 సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో ఆయన దీక్షకు కూర్చుంది దళితులకు ఇచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలకు వ్యతిరేకంగా. 24న పూనా ఒడంబడిక మీద అంబేడ్కర్ సంతకం పెట్టాల్సి వచ్చింది. రిజర్వు సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, అది నిజమే. కానీ తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే అవకాశం పోయింది. గాంధీ ప్రాణం పోతే ఆ కోపం ఊరూరా దళితవాడల మీద పడేది. ఆ దీక్షలో గొప్పతనం ఏమీ లేదని అంబేడ్కర్ తర్వాత కటువుగా రాశారు. పస్తున్నది గాంధీ, ఖర్చు కట్టింది మాత్రం వేరేవాళ్ళు. దీనికి గాంధీ అభిమానిగా నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో కూడా పస్తున్నది మీ నాన్నగారు, కట్టమంటున్నది మిమ్మల్నీ ఆ అబ్బాయినీ.

ఆయన గాంధీ మాటే వింటానంటే ఇది చదివి వినిపించండి. చివరి రోజుల్లో గాంధీ దళితులూ ఇతర కులాలవాళ్ళూ కలిసే పెళ్ళిళ్ళకే ఆశీస్సులిస్తానని నియమం పెట్టుకున్నాడు. మన విజయవాడ నాస్తికుడు గోరా తన పెద్దకూతుర్ని దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలనుకుంటే, ఆ పెళ్ళి తన సేవాగ్రాం ఆశ్రమంలోనే చేద్దామన్నాడు. గోరా దేవుడి పేరు వద్దంటే, దేవుడికి బదులు సత్యం పేరు మీద చేయిద్దామని కూడా ఒప్పుకున్నాడు. గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో ఆ పెళ్ళి అక్కడే జరిగింది.

మీ పెద్దమ్మ సలహా మాత్రం వద్దు. ఆవిడ మంచికే చెప్పింది గానీ, తిన్నాక నిజం తెలిసిన మనిషి మళ్ళీ మీ మాట నమ్మడు. పైగా దాగదు కూడా. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు 30 రోజుల పాటు ఆఫీసులో అతికిస్తారు, బరంపురంలో మీ నాన్నగారిని ఎరిగినవాడు ఎవడో ఒకడు చూసి చెబుతాడు. అంతకంటే నోటీసు ఇచ్చిన రోజునే మీరే ఇంటికొచ్చి, ఇచ్చాను నాన్నా, ఫలానా తేదీ అని చెప్పండి. పూటపూటా కంచం ఆయన ముందు పెట్టండి, మీరూ అక్కడే కూర్చుని తినండి. పోటీగా మీరు పస్తుండవద్దు.